ఎవరూ పేరెత్తని మూలగ్రంథం: ఒక పరిశోధన కేస్ స్టడీ

ప్రాచీన చరిత్రలో పరిశోధన చేసేవారికి మార్గదర్శిగా పనిచేస్తున్న నాకు ఈ కేసును వివరంగా రాసి పెట్టాలని చాలాకాలంగా ఉంది. కాలగర్భంలో కలిసిపోయిన పుస్తకం గురించి ఎంతవరకు మాట్లాడవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న ఇందులో అడుగడుగునా ఎదురైంది. రాయడానికి పరిశోధకురాలు అనుమతి ఇచ్చారు. ఆమెను, ఆమె విశ్వవిద్యాలయాన్ని, పరీక్షకులను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. చర్చకు వచ్చిన గ్రంథాలు, వాదాలు మాత్రం ఉన్నవి ఉన్నట్లే ఇస్తున్నాను.

నేపథ్యం

క్రీస్తుశకం నాలుగో శతాబ్దం ఉత్తరార్ధంలో రోమన్ చరిత్రను కుదించి చెప్పే పుస్తకాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఆఫ్రికాలో పుట్టి, జూలియన్ చక్రవర్తి హయాంలో పనోనియాలో గవర్నరైన ఆరేలియస్ విక్టర్ సుమారు 361లో తన చక్రవర్తుల చరిత్ర ముగించాడు. వాలెన్స్ చక్రవర్తి ఆస్థానంలో పెద్ద ఉద్యోగి యూట్రోపియస్ 369 ప్రాంతంలో రోమ్ పుట్టుక నుంచి తన కాలం దాకా పది చిన్న భాగాల్లో చెప్పి రాజుకు అంకితమిచ్చాడు. అదే రాజు కోసం ఫెస్టస్ ఇంకా చిన్న పుస్తకం రాశాడు. 380 ప్రాంతంలో జెరోమ్ యుసేబియస్ కాలపట్టికను లాటిన్‌లోకి తెచ్చి 378 వరకు పొడిగించాడు. ఆ శతాబ్దం ముగింపు ప్రాంతంలో ‘ఎపిటొమె’ అని పిలిచే మరో సంక్షిప్త చరిత్ర, ఆరుగురు రచయితల పేర్లు తగిలించుకున్న ‘హిస్టోరియా ఆగస్టా’ కూడా పుట్టాయి.

వీటిని పక్కపక్కన పెట్టుకుని చదివితే, ముఖ్యంగా మూడో శతాబ్దపు చక్రవర్తుల దగ్గర, ఘటనల వరుస ఒకటే, ఎంపిక ఒకటే, అక్కడక్కడ మాటలూ ఒకటే. తప్పులు కూడా ఒకటే. 1884లో అలెగ్జాండర్ ఎన్‌మాన్ అనే పండితుడు ఈ పోలికలన్నీ పోగుచేసి, వీరి వెనుక ఇప్పుడు దొరకని ఒక లాటిన్ గ్రంథం ఉండి తీరాలని ప్రతిపాదించాడు. అప్పటినుంచి దాన్ని ‘కైజర్‌గెషిష్టె’ అంటున్నారు, అంటే చక్రవర్తుల చరిత్ర. ప్రాచీనుల్లో ఒక్కరూ దాన్ని ప్రస్తావించలేదు. దాని నుంచి తెచ్చానని చెప్పి ఒక్క వాక్యమైనా ఎవరూ ఉదహరించలేదు. అయినా ఈ రంగంలో పనిచేసేవారిలో ఎక్కువమంది అలాంటి పుస్తకం ఉండేదని అంగీకరిస్తారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ గుణాఢ్యుని బృహత్కథ గుర్తుకు రావడం సహజం. అదీ దొరకదు, దాని నీడలో పుట్టిన గ్రంథాలే దొరుకుతాయి. కానీ క్షేమేంద్రుడు, సోమదేవుడు తాము ఎవరి కథను సంగ్రహిస్తున్నారో స్వయంగా చెప్పుకున్నారు. విక్టర్, యూట్రోపియస్ ఆ ఉపకారం చేయలేదు.

ఎదురైన సమస్య

ఆమె నా దగ్గరికి వచ్చేసరికే సిద్ధాంత గ్రంథం ముసాయిదా సగానికి పైగా సిద్ధంగా ఉంది. మునుపటి మార్గదర్శి పదవీ విరమణ చేయడంతో ఆ బాధ్యత నాకు వచ్చింది. చరిత్రలోకి రాకముందు ఆమె కంప్యూటర్ రంగంలో పనిచేశారు. ఓపిక, క్రమశిక్షణ రెండూ మెండుగా ఉన్న మనిషి. ముసాయిదాలో రెండు పెద్ద వాదనలున్నాయి. విక్టర్, యూట్రోపియస్‌లకు ఉమ్మడి మూలమైన గ్రంథాన్ని చాలావరకు తిరిగి కూర్చవచ్చన్నది మొదటిది. ఎపిటొమె, హిస్టోరియా ఆగస్టాలలో ఉండి ఈ మూలానికి ఆపాదించలేని సమాచారమంతా రోమన్ సెనేటర్ నికొమాకస్ ఫ్లావియానస్ రాసిన, ఇప్పుడు దొరకని ‘అనాలెస్’ అనే చరిత్ర నుంచి వచ్చిందన్నది రెండోది.

రెండూ ఈ రంగంలో గౌరవనీయులు ఏదో ఒక రూపంలో చెప్పినవే. అందుకే వాటిని ఆదిలోనే తోసిపుచ్చకుండా, ఏ ఆధారం ఎంత బరువు మోస్తుందో ఒక్కొక్కటిగా తూచి చూడాలని నిర్ణయించుకున్నాం.

మొదటి ప్రయత్నం: పోలికల పట్టిక

ఆమె మొదటి అధ్యాయం మొత్తం ఒక పట్టిక మీద నిలబడింది. రెండు గ్రంథాల వాక్యాలను కంప్యూటర్‌తో పోల్చి, సామ్యం ఎక్కువగా ఉన్న జతలను వరుసగా పేర్చారు. చూడ్డానికి ఎంతో నమ్మకం కలిగించే పట్టిక అది. కానీ ఆమె పోల్చింది ఆంగ్లానువాదాలను. సంక్షిప్త చరిత్రలను అనువదించేవారు రాజ్యానికి రావడం, హత్యకు గురికావడం, ఇన్నేళ్లు పాలించడం వంటి మాటలకు ఎలాగూ ఒకే పదబంధాలు వాడతారు. ఆ సామ్యం అనువాదకుల మధ్య ఉన్నదే తప్ప ప్రాచీనుల మధ్య ఉన్నది కాకపోవచ్చు.

లాటిన్ పాఠంతో పట్టికను మళ్లీ తయారుచేస్తే జతలు బాగా తగ్గాయి. మిగిలినవాటిలోనూ పెద్ద భాగం ఆగస్టస్ నుంచి డొమిషియన్ వరకు ఉన్న కాలానికి చెందినవి. ఆ కాలానికి స్వెటోనియస్ రాసిన చక్రవర్తుల జీవిత చరిత్రలు మనకు పూర్తిగా దొరుకుతున్నాయి. దొరుకుతున్న పుస్తకంతో వివరించగల పోలికకు లుప్త గ్రంథాన్ని తోడు తెచ్చుకోనవసరం లేదు. ఆ భాగంలో ఇద్దరూ కలిసి స్వెటోనియస్‌కు భిన్నంగా చెప్పిన చోట్లు మాత్రమే మన ప్రశ్నకు పనికొస్తాయి. ఈ నియమం పెట్టుకోగానే పట్టిక ఇంకా చిక్కిపోయింది. ఆమె నిరుత్సాహపడ్డారు. నాకు మాత్రం పని అక్కడ మొదలైందనిపించింది, ఎందుకంటే అప్పటికి మిగిలినవన్నీ నిజంగా జవాబు చెప్పాల్సిన పోలికలే.

ఉమ్మడి తప్పులు, వాటి రకాలు

పాఠ పరిష్కరణ చేసినవారికి ఇది పరిచితమైన సూత్రం. రెండు ప్రతుల్లో ఒకే సరైన పాఠం ఉంటే వాటికి బంధుత్వం ఉందని చెప్పలేం. ఒకే లేఖక దోషం ఉంటే ఆలోచించాలి. నిజాన్ని ఇద్దరు వేర్వేరు దారుల్లో చేరుకోవచ్చు, కానీ ఒకే విచిత్రమైన తప్పును ఎవరికి వారు చేయడం అరుదు.

ఆమె ఎంచుకున్న ప్రధాన ఉదాహరణ జూలియా డోమ్నా. ఈమె చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ భార్య, అతని తర్వాత చక్రవర్తి అయిన కారకల్లాకు కన్నతల్లి. సమకాలికుడైన సెనేటర్ కాసియస్ డియో రాతల్లో, నాణేల మీద, శాసనాల్లో ఇందులో ఎక్కడా అనుమానం లేదు. అయినా కారకల్లా తన సవతి తల్లి జూలియాను పెళ్లాడాడని విక్టర్, యూట్రోపియస్ ఇద్దరూ రాశారు. హిస్టోరియా ఆగస్టాలోనూ అదే ఉంది.

“ముగ్గురు చెబుతున్నారు కదా సార్, ఇంతకన్నా ఏం కావాలి?” అన్నారామె.

“ఆ ముగ్గురిలో ఎవరు ఎవరిని చూసి రాశారో ముందు తేల్చమ్మా” అన్నాను.

తేల్చడానికి 1889లో హెర్మాన్ డెసావు రాసిన వ్యాసం దగ్గరికి వెళ్లాం. హిస్టోరియా ఆగస్టా ఆరుగురిది కాదని, నాలుగో శతాబ్దం చివర ఒకే వ్యక్తి రాసినదని అతను వాదించాడు. అతని ఆధారాల్లో ముఖ్యమైనవి, సెవెరస్ జీవితంలో ఒక భాగం విక్టర్ నుంచి, మార్కస్ ఆరేలియస్ జీవితంలో ఒక భాగం యూట్రోపియస్ నుంచి నేరుగా తీసుకున్నవి కావడం. అంటే హిస్టోరియా ఆగస్టా రచయిత చేతిలో ఈ రెండు పుస్తకాలూ ఉన్నాయి. జూలియా కథకు అతన్ని మూడో స్వతంత్ర సాక్షిగా లెక్కించే వీలు లేదు. ఆమె ముసాయిదాలో “మూడు ఆకరాలు ధ్రువీకరిస్తున్నాయి” అన్న వాక్యాలు చాలా ఉన్నాయి. ఈ ఒక్క పరీక్షతో వాటిలో ఎక్కువ భాగం రెండుకు, కొన్ని ఒకటికి దిగాయి.

అప్పుడు ఇంకో అభ్యంతరం లేవనెత్తాను. ఈ తప్పు పుస్తకాల్లోనే పుట్టిందని ఏమిటి నమ్మకం? అలెగ్జాండ్రియా జనం జూలియాను జొకాస్టా (గ్రీకు పురాణంలో తెలియక కన్నకొడుకునే పెళ్లాడిన రాణి) అని ఎగతాళి చేశారని చరిత్రకారుడు హెరోడియన్ రాశాడు. అంటే తల్లీకొడుకుల గురించిన అపవాదు వారు బతికున్నప్పుడే వీధుల్లో ఉంది. నోటిమాటగా పాకిన కథను నూటయాభై ఏళ్ల తర్వాత ఇద్దరు రచయితలు వేర్వేరుగా విని ఉండవచ్చు కదా.

దీనికి ఆమె ఇచ్చిన జవాబు ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చినది. జొకాస్టా కన్నతల్లి. అపవాదు నిందించిందీ కన్నతల్లినే. విక్టర్, యూట్రోపియస్‌లలో ఆ తల్లి సవతి తల్లి అయింది, సంబంధం కాస్తా పెళ్లి అయింది. అపవాదు కథ ఎలా పుట్టిందో చెబుతుంది గానీ, ఇద్దరిలోనూ అది ఒకే తీరులో ఎందుకు మారిందో చెప్పదు. వాదన బలమైనదే. అయినా నోటి కథలు కూడా అలా మారగలవు గనుక, దీనికి మొదటి స్థాయి ఆధారమన్న హోదా ఇవ్వకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం.

మొదటి స్థాయికి కావలసినది ముసాయిదా అధోజ్ఞాపికల్లో ఒక మూల పడి ఉంది. 193లో సైనికుల దగ్గర వేలంలో సింహాసనం కొనుక్కుని రెండు నెలలు పాలించిన డిడియస్ జూలియానస్ సంగతి అది. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో ప్రేటర్లు అనే న్యాయాధికారుల శాసనాన్ని క్రమబద్ధం చేసిన ప్రసిద్ధ న్యాయవేత్త సాల్వియస్ జూలియానస్ వేరే మనిషి. 138లో హాడ్రియన్ చనిపోయేనాటికి డిడియస్ చిన్న పిల్లవాడు. అయితే ఆ శాసనాన్ని మొదట క్రమంలో పెట్టినది ఈ చక్రవర్తేనని విక్టర్ రాశాడు. యూట్రోపియస్ చక్రవర్తినే సాల్వియస్ జూలియానస్ అని పిలిచి, న్యాయశాస్త్రంలో నిపుణుడని పొగిడి, హాడ్రియన్ కాలంలో శాసనం కూర్చిన సాల్వియస్ జూలియానస్‌కు మనవడని చెప్పాడు.

ఈ తప్పును వీధిలో ఎవరూ చెప్పుకోరు. న్యాయశాసనం కూర్పు మీద జనంలో పుకార్లు పుట్టవు. ఇది చదువుకున్నవాడు పుస్తకం చూస్తూ చేసే తప్పు. యూట్రోపియస్ విక్టర్‌ను మాత్రమే చూసి రాసి ఉంటే తాత సంగతి, హాడ్రియన్ పేరు ఎక్కడివి? విక్టర్ అక్కడ అవి చెప్పలేదు. విక్టర్ యూట్రోపియస్‌ను చూసే అవకాశమూ లేదు, అతను ముందే రాశాడు. కాబట్టి ఇద్దరి ముందూ చక్రవర్తిని, న్యాయవేత్తను దగ్గరదగ్గరగా, కలగాపులగం అయ్యేలా చెప్పిన ఒక రాతప్రతి ఉంది. ఒకరు ఇద్దర్నీ ఒకే మనిషిగా చదివారు, ఇంకొకరు తాతామనవళ్లుగా చదివారు. తప్పు ఒకటే అయినా పరిష్కారాలు వేరైన ఇలాంటి చోట్లే లుప్త గ్రంథానికి గట్టి ఆనవాళ్లు. అధ్యాయాన్ని దీని చుట్టూ తిరిగి కట్టమన్నాను.

పేరు పెట్టాలన్న ఆరాటం

రెండో వాదన దగ్గర చర్చ కష్టమైంది. ఫ్లావియానస్ గొప్ప సెనేటర్, సంప్రదాయ దేవతల పక్షాన నిలబడ్డవాడు, 394లో ఫ్రిగిడస్ యుద్ధంలో తన పక్షం ఓడిపోయాక ప్రాణం తీసుకున్నాడు. 431లో రోమ్‌లో అతని గౌరవాన్ని పునరుద్ధరిస్తూ వేసిన శాసనంలో, అతని ‘అనాలెస్’ను తనకు అంకితమివ్వాలని చక్రవర్తి మొదటి థియొడోసియస్ కోరినట్లు ఉంది. అంతే. ఆ పుస్తకం ఏ కాలపు చరిత్రో శాసనం చెప్పదు. అందులోనిదని చెప్పగల ఒక్క వాక్యం ఎక్కడా దొరకలేదు.

అయినా ఇటీవలి దశాబ్దాల్లో కొందరు పండితులు నాలుగో శతాబ్దపు అనేక గ్రంథాల వెనుక ఈ ‘అనాలెస్’నే చూశారు. 2011లో అలన్ కామెరాన్ ఆ ధోరణిని తీవ్రంగా ఖండించాడు. ఆమె మొదటి పక్షాన ఉన్నారు. ఎందుకంటే రచయిత పేరు తెలుసు, అతని జీవితం తెలుసు, మతాభిప్రాయాలు తెలుసు. ఎపిటొమెలో క్రైస్తవం పట్ల మౌనం కనిపిస్తే అది ఫ్లావియానస్ మౌనమైంది. సెనేట్ పట్ల ఆదరం కనిపిస్తే అది ఫ్లావియానస్ ఆదరమైంది. పేరు దొరికాక ప్రతి ఆనవాలూ ఆ పేరు వైపే వంగింది.

వాదించి గెలవడం కన్నా ఒక పరీక్ష పెట్టడం మంచిదనిపించింది. మూలం ఏదో మనకు ముందే తెలిసిన చోట, ఈ పద్ధతి సరైన జవాబు ఇస్తుందా? దానికి జోసిమస్ సరిగ్గా సరిపోతాడు. గ్రీకులో ‘కొత్త చరిత్ర’ రాసిన ఇతను చరిత్ర రాయలేదు, తనకు ముందటి చరిత్రకారుడు యునాపియస్ రాసినదాన్ని ఎత్తి రాశాడనవచ్చునని తొమ్మిదో శతాబ్దంలో బైజాంటైన్ పండితుడు ఫోటియస్ అన్నాడు. అతనికి ఆ రెండు పుస్తకాలూ అందుబాటులో ఉన్నాయి. యునాపియస్ చరిత్ర 404 దగ్గర ఆగింది. అతని తర్వాత జోసిమస్ ఆధారపడినది ఈజిప్టులోని థీబ్స్‌కు చెందిన ఒలింపియొడోరస్ మీద, అతని చరిత్ర 407తో మొదలవుతుంది. ఈ ఇద్దరి పుస్తకాలూ పోయాయి గానీ, తునకలు, ఫోటియస్ సారాంశాలు మిగిలాయి.

ఈ సంగతులు పక్కన పెట్టి, జోసిమస్ అయిదో భాగాన్ని చదివి మూలం ఎక్కడ మారిందో పాఠంలోంచే గుర్తించమన్నాను. ఆమె గుర్తించారు. సేనాని స్టిలికో మీద మొదట్లో ఉన్న కసి ఒక చోట మాయమై అతను మంచివాడైపోతాడు. వివరాల సాంద్రత, కాలనిర్దేశం మారిపోతాయి. లాటిన్ పారిభాషిక పదాలు గ్రీకులోకి చొరబడతాయి. ఆ అతుకు దగ్గర, మూలాలు రెండూ అందని ఆ కొద్ది సంవత్సరాల మీద, కథనం తడబడుతుంది. పద్ధతి పనిచేస్తుందనడానికి ఇది మంచి రుజువు. పాఠంలో అతుకు ఉంటే కనిపిస్తుంది.

దాన్నుంచే ఆమెకు అసలు విషయం తెలిసింది. జోసిమస్ తాను ఎత్తి రాసిన యునాపియస్ పేరు ఎక్కడా చెప్పలేదు. ఒలింపియొడోరస్ పేరు చెప్పాడు, అదీ రావెన్నా పేరు పుట్టుక గురించి అతనితో విభేదించడానికి. అంటే పేరు చెప్పడం వేరు, వాడుకోవడం వేరు. హిస్టోరియా ఆగస్టా అయితే ఈ దారిలో ఇంకా ముందుకెళ్లి, లేని రచయితల పేర్లు, లేని పత్రాలు గుప్పించింది. మరి ఫ్లావియానస్ పేరు శాసనంలో ఉన్నంత మాత్రాన అతని పుస్తకం ఎపిటొమె రచయిత బల్ల మీద ఉందని ఎలా అంటాం? అతుకు చూపించగలమా? ఆమె ఎపిటొమెలో నిజాయితీగా వెతికారు. సమాచారం మారే చోట్లు దొరికాయి. వాటిని ఫ్లావియానస్‌కు కట్టిపెట్టే ముడి మాత్రం దొరకలేదు. తర్వాతి ముసాయిదాలో అతని పేరు ఉన్న ప్రతిచోటా “పేరు తెలియని ఇంకో మూలం” అని తనంతట తానే మార్చి తెచ్చారు.

తిరిగి కూర్చడం ఎందుకు మానేశాం

లుప్త గ్రంథాన్ని వాక్యాలుగా తిరిగి రాసే అధ్యాయం మీద ఆమెకు చాలా మమకారం. దాన్ని వదులుకోవడానికి కారణం వియన్నాలో దొరికింది. అక్కడి జాతీయ గ్రంథాలయంలో ఒక చేతిరాత ప్రతిలో, చెరిపేసి మళ్లీ రాసిన పుటల కింద మూడో శతాబ్దంలో గోత్ తెగలవారు చేసిన దాడుల గురించిన గ్రీకు కథనం ప్రత్యేక కాంతుల్లో తీసిన చిత్రాల ద్వారా బయటపడింది. 2014 నుంచి ప్రచురితమవుతున్న ఈ పుటలు ఏథెన్స్ చరిత్రకారుడు డెక్సిప్పస్‌వని దాదాపు అందరూ అంగీకరిస్తున్నారు. అందులో థెర్మోపిలే కనుమ దగ్గర రక్షణకు చేరిన జనం, వారి నాయకులు, ఆ నాయకుల్లో ఒకడైన మరియానస్ వారితో చేసిన ప్రసంగం ఉన్నాయి. ప్రధానంగా ఆరో శతాబ్దపు రచయిత జోర్డనెస్‌లో కనిపించినందున చాలామంది కల్పితుడేమో అనుకున్న ఓస్ట్రొగోథా అనే గోత్ నాయకుడూ ఉన్నాడు.

యూట్రోపియస్‌లో ఈ దాడులు కొన్ని మాటల్లో తేలిపోతాయి. ఎవరైనా ఆ మాటల నుంచి మరియానస్ ప్రసంగాన్ని ఊహించగలరా? కుదించినది చదివి కుదించకముందు ఏముందో చెప్పలేం. దాని ఉనికి, వరుస, కొన్ని తప్పులు చెప్పగలం. ఆమె ఈ పుటలు చదివాక తన పునర్నిర్మాణ అధ్యాయాన్ని పక్కన పెట్టారు. నేను ఒత్తిడి చేయలేదు.

పనికొచ్చిన పద్ధతి

దాని స్థానంలో వచ్చిన అధ్యాయం ఆధారాలను బలాన్ని బట్టి విడదీస్తుంది. డిడియస్ జూలియానస్ వంటి పుస్తకాల్లో పుట్టిన ఉమ్మడి తప్పులు పైన ఉంటాయి. జూలియా డోమ్నా వంటివి ఆ కింద. ఇంకా కింద ఆకర్షణీయమైన ఊహలు. ఆరేలియన్ హత్య తర్వాత ఆరు నెలలపాటు సింహాసనం ఖాళీగా ఉందని విక్టర్ అంటాడు, ఆధునిక కాలగణన మాత్రం ఆ ఖాళీని కొద్ది వారాలకు మించనివ్వదు. తర్వాతి రాజు టాసిటస్ ఆరో నెల దాటకుండానే చనిపోయాడని యూట్రోపియస్ రాశాడు. మూలంలో ఒకేచోట ఉన్న ఆరు నెలల మాటను విక్టర్ తప్పుగా అన్వయించాడా? కావచ్చు. దాన్ని “కావచ్చు” అన్న శీర్షిక కిందే ఉంచాం, పై అంతస్తు వాదనలేవీ దాని మీద కట్టలేదు.

నేర్చుకున్నవాటిలో ఇతరులకు ఉపయోగపడేది ప్రధానంగా ఈ వరుస. ముందు మూలభాషలో పోల్చాలి. తర్వాత దొరుకుతున్న పుస్తకాలతో వివరించగలిగినవన్నీ తీసేయాలి. ఆపైన సాక్షుల పరస్పర బంధుత్వం తేల్చాలి. ఇవన్నీ అయ్యాకే లుప్త గ్రంథం ప్రసక్తి రావాలి, రచయిత పేరు వెతకడం ఆ తర్వాతి మాట. ఆమె ముసాయిదా ఈ క్రమాన్ని సరిగ్గా తలకిందులుగా నడిపింది. అందుకే ప్రతి అడుగూ విడిగా చూస్తే తెలివైనదే అయినా మొత్తం నిలబడలేదు.

తేలకుండా మిగిలినది

మౌఖిక పరీక్షలో వచ్చిన గట్టి ప్రశ్న, ఆ లుప్త గ్రంథం ఎక్కడ ముగిసిందని. కాన్‌స్టాంటైన్ మరణించిన 337 అని ఒక పక్షం, 357 అని ఇంకో పక్షం. ఆమె 350 నాటి నెపోషియానస్ తిరుగుబాటును ముందు పెట్టారు. గ్లాడియేటర్ల మూకతో రోమ్‌ను పట్టుకున్నాడని విక్టర్, యూట్రోపియస్ ఇద్దరూ దాదాపు ఒకే మాటల్లో అంటారు. ఇరవై ఎనిమిదో రోజున అంతమయ్యాడని ఇద్దరూ చెబుతారు. 355లో తిరుగుబాటు చేసిన సేనాని సిల్వానస్ విషయంలో మాత్రం విక్టర్ మళ్లీ ఇరవై ఎనిమిదో రోజు అంటే, యూట్రోపియస్ ముప్పయ్యో రోజు రాకముందే అంటాడు.

పరీక్షకులు వెంటనే పట్టుకున్నారు. ఆ సంవత్సరాల్లో ఇద్దరు రచయితలూ బతికే ఉన్నారు, రాజధాని కబుర్లు వారికి పుస్తకం లేకుండానే తెలుస్తాయి, కాబట్టి మూడో శతాబ్దానికి పనికొచ్చిన పరీక్ష ఇక్కడ పనికిరాదు కదా అన్నారు. రోజుల లెక్క కబురుగా అందవచ్చు గానీ, గ్లాడియేటర్ల మూక అన్న పదబంధం ఇద్దరికీ అలాగే అందడం అంత సులువు కాదని ఆమె అన్నారు. దాన్ని జూలియా డోమ్నా ఉన్న అంతస్తులోనే పెట్టానని, అంతకంటే పైకి తీసుకెళ్లడానికి తన దగ్గర ఆధారం లేదని కూడా చెప్పారు. తుది ప్రతిలో ఆ తేదీ దగ్గర రెండు సంవత్సరాలూ పక్కపక్కనే ఉన్నాయి, 357 వైపు మొగ్గుతున్నానన్న ఆమె వాక్యంతో పాటు.